హస్తము, కలము: కొన్ని సమాజములు ముందుకు సాగుటకు కారణమేమి?

వాడపల్లి ఏటిగట్టు మీద నిలిచి చూచువారికి ఒక వైపు గౌతమీ గోదావరి, మరొక వైపు వరిచేలు, కొబ్బరితోటలు కనబడును. ఊరికి సమీపములోనే లొల్ల లాకుల వద్ద మధ్య డెల్టా నీరు పాయలుగా చీలి కోనసీమ నలుమూలలకు పారుచున్నది. ఈ పచ్చదనము అనాదిగా ఇట్లే ఉన్నదని మన పిల్లలు అనుకొనవచ్చును. నది అనాదిగా ఉన్నది గాని కాలువ వయస్సు రెండు వందల యేండ్లు కూడ కాలేదు. అంతకు ముందు ఇదే నది ఒడ్డున, ఇదే నేల మీద జనము ఆకలితో చనిపోయినారు.

ఈ సంగతి తలచినప్పుడు ఒక పెద్ద ప్రశ్న ఎదురగుచున్నది. లోకములో కొన్ని సమాజములు యంత్రములు, వంతెనలు, ఓడలు, మందులు కనిపెట్టి త్వరగా ముందుకు సాగగా, మరికొన్ని వెనుకబడుటకు కారణమేమి? మన సంఘములలోని యువజనులు ఈ ప్రశ్నను తరచుగా అడుగుచుందురు. ఈ శతవార్షిక సంచికలో దానిని మన ప్రాంత చరిత్ర ఆధారముగా ఆలోచింపదలచినాము.

తొందరపాటు జవాబులు రెండు

ఈ ప్రశ్నకు మన మధ్య సాధారణముగా వినవచ్చు జవాబులు రెండు. మొదటిది, తెల్లవారి బుద్ధి మన బుద్ధి కంటె గొప్పదని. 19వ శతాబ్దములో ఐరోపా పండితులు పలువురు ఈ మాటనే చెప్పినారు. చరిత్ర దీనిని ఒప్పుకొనదు. కాగితము, అచ్చు, తుపాకి మందు, దిక్సూచి చైనా వారు ముందుగా కనిపెట్టినారు. సున్నతో లెక్క వ్రాయు పద్ధతి మన దేశములో పుట్టి, అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరినది. వెయ్యి యేండ్ల క్రిందట బాగ్దాదు, కార్డోవా నగరములలో ఉన్నంతటి గ్రంథాలయములు లండనులో గాని పారిసులో గాని లేవు. ఆనాడు బాగ్దాదు నుండి లండనుకు వచ్చిన వాడెవడైనను, ఈ జనమునకు బుద్ధి తక్కువ అనుకొని ఉండవచ్చును. బుద్ధి మూడు నాలుగు తరములలో మారదు. పరిస్థితులు మారును.

రెండవ జవాబు మన సంఘములలో ఎక్కువగా వినబడును. అవి క్రైస్తవ దేశములు గనుక అభివృద్ధి చెందినవని కొందరు ప్రసంగములలో కూడ చెప్పుచుందురు. మనకు ఇంపుగా తోచు మాటయే గాని ఇదియు నిలువదు. ఇథియోపియా రాజు ఎజానా నాలుగవ శతాబ్దములోనే క్రైస్తవుడైనాడు. ఆవిరి యంత్రము మాత్రము ఇథియోపియాలో పుట్టలేదు. కేరళలోని సిరియను క్రైస్తవులు ఐరోపాలోని పలు జాతుల కంటె ప్రాచీన విశ్వాసులు. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని చెప్పినందుకు 1633లో గెలీలియోను శిక్షించినది రోములోని సంఘ న్యాయస్థానమే. జపాను క్రైస్తవ దేశము కాకయే 1868 తరువాత నలభై యేండ్లలో రైళ్ళు, ఓడలు, కర్మాగారములు నిర్మించుకొన్నది. ఈ విషయములో సంఘము చేసిన మేలు ఒకటి లేకపోలేదు. దానిని ముందు చెప్పెదము.

నేల, నీరు చాలునా?

1997లో జారెడ్ డయమండ్ అను అమెరికా పండితుడు ఒక ప్రసిద్ధ గ్రంథములో మరియొక జవాబు చెప్పినాడు. సాగుకు పనికివచ్చు గింజలు, మచ్చికకు లొంగు పశువులు ఏ ఖండములో ఎక్కువగా ఉన్నవో అక్కడ వ్యవసాయము ముందుగా పుట్టినది. వ్యవసాయము వలన మిగులు ధాన్యము, దాని వలన పట్టణములు, వ్రాత, లోహపు పనిముట్లు వచ్చినవి. ఆస్ట్రేలియా ఆదివాసులకు గుర్రము లేదు, ఎద్దు లేదు, వరి గోధుమలు లేవు. వారు వెనుకబడుట వారి లోపము కాదు. ఈ వాదము వేల యేండ్ల లెక్కకు చాలవరకు సరిపోవును.

అయితే మన గోదావరి సంగతి చూడుడు. నేల సారవంతము, నది జీవనది. ఎద్దులున్నవి, వరి యున్నది. అయినను 1832–33 నందన నామ సంవత్సరములో వచ్చిన కరువు గుంటూరు సీమతో పాటు ఈ జిల్లాను కూడ కాల్చివేసినది. 1839లో కోరంగి తీరమున ఉప్పెన విరుచుకుపడినది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయినది. కొందరు చనిపోయినారు, కొందరు వలసపోయినారు. వరదలో నీరంతయు సముద్రములో కలిసిపోవుచుండెను. వేసవిలో చేను బీటలు వారుచుండెను. నేలయు నీరును ఉండుట ఒక సంగతి, ఆ నీటిని నేలకు ఎక్కించు నేర్పు ఉండుట మరియొక సంగతి.

ఇసుక మీద పునాది

ఆ నేర్పు దక్షిణ దేశమునకు తెలియనిది కాదు. కావేరి నది మీద చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఉన్నది. దానిని కరికాల చోళుడు కట్టించినాడని ప్రతీతి. దిగబడు ఇసుకలో రాతి కట్టడమును నిలిపిన ఘనత ఆ పేరు తెలియని పనివారిది. 19వ శతాబ్దపు తొలి భాగములో కావేరి మీద పని చేసిన ఆర్థర్ కాటన్ దొర ఆ కట్టడమును శ్రద్ధగా పరిశీలించినాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపుట ఎట్లో ఈ దేశపు పూర్వికుల వద్దనే నేర్చుకొన్నామని ఆయన తరువాత స్పష్టముగా వ్రాసినాడు. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట ఆ పాఠము మీదనే లేచినది. ఇసుకలోకి ఒరలు దింపి బావి కట్టుట మన పల్లెలలోని పనివారికి తెలిసిన విద్యయే. ఆనకట్ట గోడకు ఆధారముగా నదిలో దింపినవి అట్టి బావులే. కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్న గారు కాటన్ దొరకు కుడిభుజముగా నిలిచినారు.

ఇక్కడ మనము ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలెను. రాజమహేంద్రవరమును ఏలిన రాజరాజ నరేంద్రుని రాణి అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కుమార్తె. వారి కుమారుడు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనము ఎక్కినాడు. అనగా కావేరి వారికి, గోదావరి వారికి తొమ్మిది వందల యేండ్ల క్రిందటనే చుట్టరికము కలిసినది. అయినను కల్లణై విద్య గోదావరికి రాలేదు. గోదావరి వెడల్పు మిక్కిలి ఎక్కువ, దాని ఖర్చు ఏ రాజునకైనను భారమే; ఇది నిజము. మరియొక కారణము కూడ ఉన్నదని మాకు తోచుచున్నది. రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భట్టారకుడు వ్రాసిన భారతము తాటాకుల మీద తరతరములు నకలు చేయబడి నేటికిని నిలిచినది. రాయి పేర్చినవాని విద్య ఏ తాటాకునకు ఎక్కలేదు. అది తండ్రి నుండి కొడుకునకు చేతి ద్వారా మాత్రమే వచ్చినది. చేతి ద్వారా వచ్చు విద్య ఊరు దాటుట కష్టము.

మనవారు ఎన్నడును వ్రాయలేదనుట కూడ న్యాయము కాదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనము ఒకటి ఉన్నది. చెరువు కట్టుటకు కావలసిన పండ్రెండు అంగములను, విడువవలసిన ఆరు దోషములను అది వివరించుచున్నది. రెండేండ్ల పాటు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పని చేసిన సంగతియు అందులో ఉన్నది. ఎంతటి చక్కని శాస్త్రము! కాని అది సంస్కృతములో, రాతి మీద ఉన్నది. ఆ వెయ్యిమంది కూలీలలో దానిని చదువగలవాడు ఉండెనా? కలము ఒకచోట, గునపము ఒకచోట ఉండిపోయినవి.

కోనసముద్రము ఉక్కు, లండను కమ్మరి కొడుకు

ఈ మాటను మరింత తేటపరచు ఉదాహరణము తెలంగాణములో దొరకుచున్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రము గ్రామములో కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును, కర్ర ముక్కలను పెట్టి మూతవేసి, గంటల తరబడి కొలిమిలో కాల్చి మేలైన ఉక్కు తీయుచుండిరి. పేరుపొందిన డమాస్కసు కత్తులకు ఇట్టి ఉక్కే మూలము. 1820 ప్రాంతములలో అక్కడికి వెళ్ళిన వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు, పర్షియా వర్తకుడు ఆ ఊరిలోనే ఉండి ఉక్కు కొనుచుండుట చూచి వ్రాసినాడు. ఇంగ్లీషువారు ఈ ఉక్కును ఊట్జ్ అన్నారు. ఆ పేరు మన దక్షిణాది 'ఉక్కు' అను మాట నుండి వచ్చినదే యని పలువురు పండితుల అభిప్రాయము.

అదే కాలములో లండనులో మైకేల్ ఫారడే అను యువకుడు ఈ ఉక్కు ముక్కలను పరీక్షించుచుండెను. ఆయన 1791లో ఒక పేద కమ్మరికి పుట్టినవాడు. బడి చదువు అంతంత మాత్రమే. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పనికి కుదిరి, కట్టుచున్న పుస్తకములనే చదువుచు విద్య సంపాదించినాడు. 1812లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు విని, వ్రాసికొని, ఆ వ్రాతప్రతిని అట్టకట్టి ఆయనకే పంపినాడు. మరుసటి సంవత్సరము డేవీ ప్రయోగశాలలో సహాయకుడైనాడు. 1831లో అయస్కాంతము నుండి విద్యుత్తు పుట్టించు మార్గము కనుగొన్నవాడు ఈ ఫారడేయే. మన ఇండ్లలో వెలుగు దీపమునకు మూలము ఆ ప్రయోగమే. ఆయన ఒక చిన్న సంఘములో సంఘ పెద్దగా కూడ సేవ చేసినాడని చదివినప్పుడు మనకు సంతోషము కలుగును.

గమనింపవలసిన విశేషము ఇది. మన ఉక్కు విషయములో ఫారడే చెప్పిన కారణము సరియైనది కాదు. దాని గొప్పతనము అందులో కలిసిన అల్యూమినియము వలన వచ్చినదని ఆయన తలచినాడు. అయినను ఆ తప్పును కాగితము మీద పెట్టి అచ్చు వేయించినాడు. దానిని చదివి ఫ్రాన్సులోను రష్యాలోను ఇతరులు పరిశోధన సాగించినారు, తప్పు దిద్దినారు. కోనసముద్రము కమ్మరి చేసినది ఒప్పు. ఆ ఒప్పు వ్రాయబడలేదు. చవుక యినుము సీమ నుండి వచ్చి, కత్తులు కొనువారు తగ్గి, కొలిమి ఆరిపోయినప్పుడు ఆ ఒప్పు కూడ ఆరిపోయినది. వ్రాసిన తప్పు దిద్దబడును. వ్రాయని ఒప్పు మనిషితోనే పోవును.

ఆ కాలములో కోనసముద్రము కమ్మరి కొడుకు ఎంత తెలివైనవాడైనను ఏ పండితుని వద్దకు పోగలిగియుండును? ఇంగ్లండులో కూడ ఫారడేను పెద్దింటివారు కొందరు తక్కువగా చూచినారు. కాని తలుపు కొంచెమైనను తెరచి ఉండెను. 2025లో ఆర్థిక శాస్త్రమునకు నోబెల్ బహుమతి అందుకొన్న వారిలో ఒకడైన జోయెల్ మోకిర్ కూడ ఈ మాటనే చెప్పుచున్నాడు: చేయు విధము తెలిసిన చేయియు, కారణము వెదకు కలమును ఒకదానికొకటి నేర్పుకొన్న చోటనే అభివృద్ధి ఆగక సాగినది.

అధికారము చేసిన పని

అంత మాత్రమున అంతయు మన లోపమే యనుట అన్యాయము. 17వ శతాబ్దములో ఇంగ్లీషువారు తమ ఓడలను మన నరసాపురములో కట్టించుకొన్నారు. దాని ప్రక్కనున్న మాధవాయపాలెము బట్ట 'మడపొలము' అను పేర ఐరోపా అంతట అమ్ముడుపోయినది. ఇంజరము, బండమూరులంక రేవులలో వారి గిడ్డంగులు వెలసినవి. మన బట్ట తాకిడికి ఓర్వలేక ఇంగ్లండు ప్రభుత్వము 1700లోను 1721లోను చేసిన చట్టములతో అద్దకపు నూలు బట్టలను తమ దేశములో వాడకుండ కట్టడి చేసినది. ఆ నీడలో వారి మగ్గములు, పిమ్మట వారి యంత్రములు పెరిగినవి. మన నేతవారికి అట్టి నీడ నిచ్చు ప్రభుత్వము లేదు. ఉత్తర సర్కారులు 1766లో కంపెనీవారి చేతికి వచ్చినవి. ఆనకట్ట పని 1847లో మొదలైనది. మధ్యనున్న ఎనుబది యేండ్లు శిస్తు వసూలు ఆగలేదు గాని నది మీద రాయి పడలేదు. కాటన్ దొరను స్మరించుట మన ధర్మము. ఈ ఎనుబది యేండ్లను మరచుట ధర్మము కాదు.

ఆనకట్ట కట్టిన తరువాత జరిగినది అందరికిని తెలిసినదే. పది లక్షల ఎకరములకు నీరు అందినది. వైనతేయ పాయ మీదుగా గన్నవరము వద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి హేగ్ దొర రాజోలు వైపునకు కాలువ దాటించినాడు. 1876–78 మహా కరువులో రాయలసీమ జనము లక్షలుగా చనిపోవుచుండగా గోదావరి డెల్టా ధాన్యము పండించి ఇతర సీమలకు పంపగలిగినది. రెండు సీమల జనులది ఒకే భాష, ఒకే బుద్ధి. భేదమంతయు ఒక్క తరము పని వలన వచ్చినది.

అక్షరము అందరికి

ఇప్పుడు సంఘము సంగతి చెప్పెదము. బౌడెన్, బీర్ దొరలు 1836లో ఈ దేశమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సేవ చేసినారు. 1843లో రాబర్ట్ నోబుల్ గారు మచిలీపట్టణములో పాఠశాల తెరచినారు. ఆ పాఠశాలలో సైతము తొలినాళ్ళలో మాల, మాదిగ పిల్లలకు ప్రవేశము లేదని చరిత్ర చెప్పుచున్నది. మనము ఈ సంగతి దాచనవసరము లేదు. అయినను పల్లెలలో, పేటలలో వెలసిన చిన్న చిన్న మిషను బడులు వేరొక పని చేసినవి. వాక్యము చదువుటకు ప్రతివానికి అక్షరము కావలెనను పట్టుదలతో, అంతవరకు అక్షరము తాకరాదని ఊరి వెలుపల ఉంచబడిన మన తాతముత్తాతల చేతికి పలక ఇచ్చినవి.

ఆ చేతులు ఎట్టివి? కాలువలు త్రవ్వినవి, గట్లు పోసినవి. తంగేడు చెక్కతో తోలు ఊనినవి, చెప్పులు కుట్టినవి, మగ్గము నేసినవి. ఏ గట్టు ఎక్కడ తెగునో, ఏ నేల ఎంత నీరు త్రాగునో తెలిసినవి. వేల యేండ్లుగా ఈ దేశములో పని తెలిసినవానికి చదువు లేదు. చదువు ఉన్నవాడు పని ముట్టడు. మన సమాజము వెనుకబడుటకు ఇంతకంటె పెద్ద కారణము మాకు కనబడుట లేదు. మిషను బడి చేసిన మేలు ఇదియే: తోలు ఊను చేతికి కలము నిచ్చినది. అది ఏ దేశపు యంత్రముల కంటెను విలువైనది.

భీమవరము బాలుడు

మన డెల్టాలో బుద్ధికి కొదువ లేదనుటకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారే సాక్ష్యము. ఆయన 1895లో భీమవరములో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యము అభ్యసించి, 1923లో అమెరికాలోని బోస్టను చేరినారు. అక్కడ శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొన్న ఇద్దరిలో ఆయన ఒకరు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారీ, కాన్సరునకు తొలి మందులలో కొన్ని, ఆరియోమైసిన్ వెలువడినవి. 1948లో కన్నుమూసినారు.

ఆయన ప్రయోగశాలలో పుట్టిన మరియొక మందు హెట్రజాన్, అనగా డి.ఇ.సి. అది బోదకాలు వ్యాధికి మందు. గోదావరి డెల్టా పల్లెలలో బోదకాలుతో బాధపడిన పెద్దలను చూడని కుటుంబము అరుదు. 2004 నుండి జాతీయ కార్యక్రమము క్రింద బోదకాలు ప్రాంతములలో ఇంటింట పంచిన మాత్రలు అవియే. భీమవరము బుద్ధి, అమెరికా ప్రయోగశాలలో పని చేసి, డెల్టా కాళ్ళకు మందు తెచ్చినది. ఆ ప్రయోగశాల అప్పుడు భీమవరములోనో రాజమండ్రిలోనో ఎందుకు లేదన్నదే మన ప్రశ్న.

మన ముందున్న పని

ముందుకు వెళ్ళిన సమాజము ఎల్లకాలము ముందే ఉండునను నియమము లేదు. 15వ శతాబ్దములో లోకములోకెల్ల పెద్ద నౌకాదళమును నడిపిన చైనా, తరువాత సముద్రమును విడిచి వెనుకబడినది. కోనసీమ సంగతియు అంతే. కాటన్ కాలువలు త్రవ్విన సీమలోనే మురుగు పోవు దారి లేక, పెట్టుబడి తిరిగి రాక, 2011లో రైతులు సార్వా వేయక పంట విరామము ప్రకటించినారు. పాత ఆనకట్టకు బదులు 1982లో కొత్త బ్యారేజి పూర్తియైనది. పాత గన్నవరము అక్విడక్టునకు బదులు 2000లో డొక్కా సీతమ్మ గారి పేర కొత్తది లేచినది. మురుగు కాలువను పూడిక లేకుండ ఉంచుకొనుట మాత్రము ప్రతి తరము చేయవలసిన పని.

ఆశ కలిగించు ఉదాహరణము కూడ మన ప్రక్కనే ఉన్నది. మార్టేరు పరిశోధన కేంద్రములో రూపొందిన స్వర్ణ వరి ఒడిశా, బెంగాలు, బంగ్లాదేశముల వరకు పాకినది. ఒడిశా రైతులు కాపాడిన ఒక పాత విత్తనమునకు మునకను ఓర్చు గుణము ఉన్నది. శాస్త్రజ్ఞులు ఆ గుణమును స్వర్ణకు చేర్చగా స్వర్ణ సబ్–1 అను వంగడము 2009లో రైతులకు అందినది. అది రెండు వారములు నీట మునిగినను బ్రతుకును. రైతు చేయియు శాస్త్రజ్ఞుని కలమును కలిసినందున కలిగిన ఫలము ఇది.

కావున సంఘ సభ్యులకు మా మనవి రెండే. పని తెలిసిన పెద్దలు మన మధ్య ఇంకను ఉన్నారు. పడవ కట్టిన వడ్రంగి, ఒర దింపిన కూలి, తోలు ఊనిన తాత, గట్టు తెగినప్పుడు కట్టిన వారు. వారు చెప్పునది యువజనులు వ్రాసి ఉంచవలెను; వారితోనే పోనీయరాదు. ఇక చదువుకొన్న మన బిడ్డలు చేతిపనిని చిన్నచూపు చూడరాదు. ఐ.టి.ఐ.కి పోయిన కుమారుడు ఆఫీసు ఉద్యోగమునకు పోయిన కుమారుని కంటె తక్కువవాడని తలచు ఇంట ఆ పాత గోడ ఇంకను నిలిచియే ఉన్నది. మన తాతలకు పలక దొరకుటకు ఎన్నో తరములు పట్టినది. ఆ పలకను, గునపమును ఒకే చేతిలో నిలుపుకొనుట ఈ తరమువారి బాధ్యత.